మానడమా, మాన్పించడమా?
అమెరికా స్త్రీల ఉద్యోగ జీవితం గురించిన కొన్ని గ్రంథాలపై ఒక పరిశీలన

"పనిమనిషి మానేసింది" అన్న వాక్యాన్నీ, "కోడలు ఉద్యోగం మానేసింది" అన్న వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింటిలోనూ క్రియ ఒక్కటే. కాలం, పురుష, లింగవచనాలు కూడా ఒక్కటే. అయినా మొదటి వాక్యం మన ఇళ్ళలో ఫిర్యాదుగా వినిపిస్తుంది. రెండవదాన్ని చాలా ఇళ్ళలో తృప్తితో చెబుతారు. పిల్లలకోసం చేసిన త్యాగమని మెచ్చుకుంటారు. వ్యాకరణంలో ఈ భేదానికి గుర్తేమీ లేదు. వాక్యం ఎవరు పలికారో, ఎవరిని గురించి పలికారో తెలిసినప్పుడే అది బోధపడుతుంది.

అమెరికాలో స్త్రీలు ఉద్యోగాలు వదలడం, మళ్ళీ చేరడం అన్న విషయంపై గత అరవై ఏళ్ళలో చాలా గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో కొన్నింటిని పై రెండు వాక్యాల వెలుగులో చదవడమే ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్నది. ఆ దేశంలో శ్వేతజాతి మధ్యతరగతి స్త్రీ పని మానితే అది కోడలు మానినట్టు, నల్లజాతి స్త్రీ మానితే పనిమనిషి మానినట్టు లెక్కకు వచ్చింది. "స్త్రీలు ఉద్యోగాలు మానుతున్నారు" అని మొదలుపెట్టే ఏ గ్రంథమైనా ఈ రెండు స్వరాలలో దేనితో మాట్లాడుతున్నదో గుర్తించడం విమర్శకుని మొదటి విధి అని మా అభిప్రాయం.

1

బెట్టీ ఫ్రీడన్ 1963లో ప్రచురించిన 'ద ఫెమినిన్ మిస్టిక్' పేరు మన విద్యార్థులకు కొత్త కాదు. కాలేజీ చదువులు చదివి, పెళ్ళిళ్ళయి, నగర శివార్లలోని సొంత ఇళ్ళలో ఉండిపోయిన గృహిణుల అసంతృప్తిని ఆమె ఆ పుస్తకంలో వివరించారు. ఇంటి గోడలు దాటి, తమ చదువుకు తగిన పని చేపట్టడమే ఆ జబ్బుకు మందని సూచించారు. ఆ గ్రంథం ఎందరో స్త్రీలకు ధైర్యమిచ్చిన మాట నిజం. దాని బలాన్ని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు.

అయితే ఆ పుస్తకం రాసేనాటికే అమెరికా స్త్రీలలో మూడవ వంతుకు పైగా బయటి పనిలో ఉన్నారు. వారిలో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా ఉన్నారు. బెల్ హుక్స్ 1984లో వెలువరించిన 'ఫెమినిస్ట్ థియరీ: ఫ్రమ్ మార్జిన్ టు సెంటర్' ఈ లోపాన్నే ఎత్తిచూపింది. శివార్ల గృహిణి ఉద్యోగానికి బయలుదేరితే ఆమె ఇల్లూ పిల్లలనూ ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్న ఫ్రీడన్ గ్రంథంలో రాలేదని హుక్స్ విమర్శ. అప్పటికే ఇంకొకరి ఇల్లు చూస్తూ, తన ఇల్లు పొరుగువారికి అప్పగించి వచ్చిన స్త్రీకి "ఇంటినుంచి బయటపడండి" అన్న సలహా ఎలా అందుతుంది?

ఇక్కడ మన భాష ఒక చిన్న సాయం చేస్తుంది. ఇంగ్లీషులో 'వుయ్' అని ఒకే మాట ఉన్నచోట తెలుగులో 'మేము', 'మనం' అని రెండున్నాయి. వినేవారిని కలుపుకుంటే మనం, విడిచిపెడితే మేము. తమిళసీమలో చదివే మన విద్యార్థులు 'నాంగళ్', 'నామ్' అన్న జంటలోను, మహారాష్ట్రలోని వారు 'ఆమ్హీ', 'ఆపణ్' అన్న జంటలోను ఇదే భేదాన్ని రోజూ పాటిస్తూనే ఉంటారు. కన్నడంలో మాత్రం నేడు 'నావు' ఒక్కటే. "స్త్రీలమైన" అని ఎవరైనా మొదలుపెట్టే ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేయవలసివస్తే అనువాదకుడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. హుక్స్ విమర్శను ఒక్క మాటలో చెప్పాలంటే, ఫ్రీడన్ 'మేము' అని ఉండవలసిన చోట 'మనం' అన్నట్టు రాశారు. ఈ పరీక్ష ఈ విషయంపై వచ్చిన ప్రతి గ్రంథానికీ పెట్టదగినదే.

2

నలభై ఏళ్ళ తరువాత కథ తిరగబడింది. 2003 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ఆదివారపు పత్రికలో లీసా బెల్కిన్ ఒక వ్యాసం రాశారు. ప్రిన్స్‌టన్ వంటి ప్రసిద్ధ విశ్వవిద్యాలయాలలో చదివి, పెద్ద ఉద్యోగాలు చేసిన స్త్రీలు పిల్లలకోసం వాటిని వదులుకుంటున్నారని చెప్పి, దానికి ఆమె విప్లవమని పేరు పెట్టారు. 'ఆప్ట్ అవుట్' అన్న పదబంధం ఆ వ్యాసంతోనే వాడుకలో స్థిరపడింది. ఎన్నో దారులుండగా ఒక దారిని కోరి తప్పుకోవడమన్నది దాని భావం. ఎంపిక అన్న అర్థం ఆ క్రియలోనే ఇమిడి ఉంది.

సమాజశాస్త్రవేత్త పమేలా స్టోన్ 2007లో ప్రచురించిన గ్రంథానికి 'ఆప్టింగ్ అవుట్?' అనే పేరు పెట్టారు. ఆ ప్రశ్నార్థకమే ఆ గ్రంథానికి ప్రాణం. ఆమె 54 మంది స్త్రీలతో దీర్ఘంగా మాట్లాడారు. వారు తమ కథను "నేను ఎంచుకున్నాను" అన్న ధోరణిలోనే చెప్పుకొచ్చారు. అయితే వివరాల్లోకి పోయేసరికి వేరే సంగతులు బయటపడ్డాయి. సగం రోజు పని అడిగితే అప్రధానమైన పనులు అంటగట్టిన యజమానులు, రాత్రి పొద్దుపోయేదాకా ఇల్లు చేరని భర్తలు, వారానికి అరవై గంటలు కోరే కొలువులు కనిపించాయి. దీనిని స్టోన్ ఎంపిక పరిభాష అన్నారు. జరిగినదానికీ చెప్పుకున్నదానికీ మధ్య ఉన్న అంతరాన్ని ఓపికగా కొలిచారు. భాషాశాస్త్ర విద్యార్థులు ఈ గ్రంథాన్ని ప్రత్యేకంగా చదవాలని మేము సూచించడానికి కారణం ఇదే.

తెలుగులో ఈ అంతరానికి ప్రత్యయమే ఉంది. 'మాను' అన్న ధాతువుకు ప్రేరణార్థకం 'మాన్పించు'. "చదువు మానేసింది" అన్నదానికీ "చదువు మాన్పించారు" అన్నదానికీ ఉన్న తేడా మన ఊళ్ళలో చదువురాని అవ్వకు కూడా తెలుసు. రెండవ వాక్యంలో మరొక విశేషముంది. మాన్పించినవారి పేరు చెప్పనవసరం లేదు. 'ఆరు' అన్న బహువచన ప్రత్యయం చాటున తండ్రీ, అత్తవారూ, ఊరూ అందరూ నిలబడతారు. స్టోన్ కలిసిన స్త్రీలు 'మానేశాను' అన్నారు. ఆమె వారి మాటల్లో 'మాన్పించారు' అన్నదాన్ని విన్నారు. ఆ కనిపించని కర్త సంస్థల పని పద్ధతి అని నిరూపించారు.

కాని స్టోన్ గ్రంథానికి ఒక ఎల్ల ఉంది. ఆమె ఎంచుకున్న స్త్రీలు దాదాపు అందరూ శ్వేతజాతివారు, భర్త జీతం మీద ఇల్లు గడవగలిగినవారు. వారిని మాన్పించినా, మానినందుకు ఎవరూ శిక్షించలేదు. మంచి తల్లులని మన్నించారు. ఈ మన్నన ఎవరికి దొరకలేదో తెలుసుకోవడానికి వేరే గ్రంథాలు తెరవాలి.

3

ఆర్థికశాస్త్రంలో 2023 నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ 1977లోనే ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. దక్షిణాదిలోని ఏడు నగరాల జనాభా లెక్కలను ఆమె పరిశీలించారు. 1880లో ఆ నగరాల్లో వివాహిత నల్లజాతి స్త్రీలలో సుమారు 35 శాతం మంది కూలికో జీతానికో పనిచేస్తుండగా, వివాహిత శ్వేతజాతి స్త్రీలలో అది సుమారు 7 శాతమే. "ఇది జాతి తేడా కాదు, డబ్బు తేడా" అని ఎవరైనా అనవచ్చు. కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా చెరిగిపోలేదని గోల్డిన్ చూపారు. పెళ్ళయిన స్త్రీ బయట పనిచేయడాన్ని శ్వేతజాతి సమాజం చిన్నతనంగా ఎంచింది. బానిసత్వం చూసిన సమాజంలో అది బతుకులో భాగమైపోయింది.

అలాగని ఆ స్త్రీలు మానాలని కోరుకోలేదనుకుంటే పొరపాటు. 1865లో బానిసత్వం రద్దయిన వెంటనే ఎందరో నల్లజాతి స్త్రీలు దొరల పొలాల్లోకి దిగడం మానేశారు. తమ ఇల్లూ తమ పిల్లలూ చూసుకోవాలనుకున్నారు. జాక్వెలిన్ జోన్స్ 1985లో వెలువరించిన 'లేబర్ ఆఫ్ లవ్, లేబర్ ఆఫ్ సారో'లో ఈ ఘట్టాన్ని వివరంగా చిత్రించారు. భూస్వాములు దీన్ని సోమరితనమన్నారు. దొరసాని వేషాలని ఎద్దేవా చేశారు. శ్వేతజాతి ఇల్లాలు ఇంట ఉంటే గృహలక్ష్మి, నల్లజాతి ఇల్లాలు ఇంట ఉంటే సోమరి. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన రెండు స్వరాలకు చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం దొరకదు.

టెరా హంటర్ 1997లో ప్రచురించిన 'టు జాయ్ మై ఫ్రీడమ్' అట్లాంటా నగరపు వంటమనుషుల, చాకలి స్త్రీల చరిత్ర. పని మానడం ఆ స్త్రీల చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధమని ఆమె నిరూపించారు. జీతం పెంచకపోయినా, మాట పడవలసివచ్చినా, బంధువులకు జబ్బు చేసినా మానేసేవారు. అవసరం తీరాక మరో ఇంట చేరేవారు. మన వాడుకలో "చెప్పా పెట్టకుండా మానేసింది" అంటామే, ఆ అలవాటు వెనుక ఒక చరిత్ర ఉందని హంటర్ పుస్తకం చదివితే తెలుస్తుంది. 1881 జులైలో అట్లాంటా చాకలి స్త్రీలు సమ్మె చేశారు. ఇరవైమందితో మొదలైన సంఘం వారాల్లోనే సుమారు మూడు వేలకు చేరింది. డజను పౌన్ల బట్టలకు ఒక డాలరు వారి కోరిక. వారిని అణచడానికి ఏటా పాతిక డాలర్ల లైసెన్సు రుసుము విధించాలని నగర కౌన్సిల్ యోచించింది. రుసుమైనా కడతాము గాని రేటు తగ్గించమని వారు జవాబిచ్చారు. చివరకు కౌన్సిలే వెనక్కు తగ్గింది.

1918లో, యుద్ధకాలంలో, మగవారికోసం వచ్చిన "పనిచేయి, లేదా సైన్యంలో చేరు" అన్న ఉత్తర్వును దక్షిణాదిలోని కొన్ని ఊళ్ళలో నల్లజాతి స్త్రీలమీద కూడా ప్రయోగించారు. సైనికుడైన భర్త పంపే డబ్బుతో ఇంట ఉండిన స్త్రీని తిరిగి వంటింటి చాకిరీకి తోలడమే దాని ప్రయోజనం. ఇక్కడ 'తిరిగి చేరడం' అన్న మాట వాడలేము. చేర్చారు అనాలి.

చట్టాల చరిత్ర కూడా ఈ దారినే నడిచింది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం, 1938 నాటి కనీస వేతన చట్టం వ్యవసాయ కూలీలను, ఇళ్ళలో పనిచేసేవారిని మొదట వదిలేశాయి. అప్పుడు పనిచేసే నల్లజాతి స్త్రీలలో అత్యధికులు ఈ రెండు వర్గాలవారే. ఇంటి పనివారికి వృద్ధాప్య భద్రత 1950 సవరణతోను, కనీస వేతన రక్షణ 1974లోను వచ్చాయి. అంటే ముసలితనంలో గౌరవంగా పని మానే హక్కు కూడా ఒక తరం ఆలస్యంగా అందింది. 1996లో సంక్షేమ చట్టాన్ని మార్చినప్పుడు, ప్రభుత్వ సాయం పొందే పేద తల్లులు తప్పనిసరిగా పనిలో చేరాలని షరతు పెట్టారు. జీవితం మొత్తంమీద అయిదేళ్ళే సాయమని గడువు విధించారు. ఆ తరువాత ఏడేళ్ళకే బెల్కిన్ వ్యాసం వెలువడింది. పిల్లలకోసం ఇంట ఉండే చదువుకున్న తల్లిని పత్రికలు విప్లవకారిణి అన్న కాలంలోనే, అదే పని చేయబోయిన పేద తల్లిని చట్టం బయటికి పంపింది.

సాహిత్యంలో ఈ సంగతిని టోనీ మారిసన్ చెప్పినంత సూటిగా చెప్పినవారు అరుదు. 1970 నాటి 'ద బ్లూయెస్ట్ ఐ' నవలలో పాలీన్ ఒక తెల్లవారి ఇంట పనిచేస్తుంది. భర్త తాగివచ్చి గొడవ చేస్తే, అతన్ని వదిలేస్తేనే పనిలో ఉండనిస్తానంటుంది యజమానురాలు. పాలీన్ ఒప్పుకోదు. తనకు రావలసిన పదకొండు డాలర్లు అడుగుతుంది. అవి కూడా దక్కవు. ఆమె మానిందా, మాన్పించారా? యజమానురాలి దృష్టిలో పాలీన్ తన మేలు తాను తెలుసుకోలేని మనిషి. స్త్రీగా సలహా ఇచ్చాననే ఆమె నమ్మకం. ఫ్రీడన్ గ్రంథంలోని 'మనం' అన్న భావం వంటింట్లో ఏమవుతుందో ఈ చిన్న ఘట్టం చూపుతుంది.

4

ఇప్పుడు తిరిగి చేరడం సంగతి. స్టోన్, మెగ్ లవ్‌జాయ్‌తో కలిసి, తాను మొదట కలిసిన స్త్రీలనే ఏళ్ళ తరువాత మళ్ళీ కలిసి 2019లో 'ఆప్టింగ్ బ్యాక్ ఇన్' ప్రచురించారు. చాలామంది తిరిగి పనిలో చేరారు. అయితే పాత కొలువులకు కాదు. జీతం తక్కువైన బోధన, సేవాసంస్థల వంటి రంగాలకు. వారు నష్టపోయిన మాట వాస్తవమే. కాని వారికి వేచి ఉండే వ్యవధి దొరికింది.

రిచే బార్న్స్ 2016లో ప్రచురించిన 'రెయిజింగ్ ద రేస్' స్టోన్ గ్రంథం పక్కన ఉంచి చదవవలసినది. అట్లాంటాలో పెద్ద ఉద్యోగాలు చేసే నల్లజాతి స్త్రీలు ఆమె పరిశోధన విషయం. చదువు, ఆదాయం స్టోన్ కలిసినవారితో పోల్చదగినవే. అయినా వారి సందిగ్ధం వేరు. "చదివించింది ఇంట కూర్చోడానికా?" అని అడిగేది బయటివారు కాదు, కష్టపడి పెంచిన సొంత తల్లులు. తరతరాలు పనిచేసిన ఇళ్ళలో ఉద్యోగం మానడమంటే వెనుకటివారి శ్రమను వృథా చేయడమన్న భావన ఉంది. కొందరు పని తగ్గించుకున్నా, పూర్తిగా మానినా, దాన్ని కుటుంబాన్నీ సమాజాన్నీ నిలబెట్టే ఒక వ్యూహంగా చెప్పుకున్నారని బార్న్స్ అంటారు. వర్గం ఒక్కటైనా చరిత్ర వేరైతే ఒకే చర్యకు వేరే అర్థం వస్తుందని ఈ రెండు గ్రంథాలను కలిపి చదివినప్పుడే తేలుతుంది. విడివిడిగా చదివితే ఏది చదివినవారు దానినే 'స్త్రీల అనుభవం' అనుకునే ప్రమాదముంది.

2020 ఏప్రిల్‌లో కోవిడ్ దెబ్బకు అమెరికాలో ఇరవై ఏళ్ళు పైబడిన స్త్రీల నిరుద్యోగం శ్వేతజాతిలో సుమారు 15 శాతం, నల్లజాతిలో 16 శాతం, హిస్పానిక్ స్త్రీలలో 20 శాతం దాకా పోయింది. ఆనాడు కూడా "స్త్రీలు పని వదులుతున్నారు" అన్న శీర్షికలు చూశాము. ఉద్యోగం ఊడినవారిని మానినవారిలో కలిపే శీర్షిక అది. 'మానింది', 'మాన్పించారు', 'ఊడింది' అన్న మూడు క్రియలను వేరు చేయని గణాంకాలతో జాతుల మధ్య తేడాలు అర్థం కావు.

5

ఈ చర్చ మనకెందుకని విద్యార్థులు అడగవచ్చు. ఒక కారణం మన ఇళ్ళలోనే ఉంది. హెచ్-1బి వీసాపై అమెరికా వెళ్ళే భారతీయులలో తెలుగువారి సంఖ్య పెద్దది. వారి భార్యలు వెళ్ళేది హెచ్-4 వీసాపై. ఆ వీసామీద పనిచేసే అనుమతి 2015 వరకు లేదు. ఆ సంవత్సరం వచ్చిన నిబంధన, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక నిర్దిష్ట దశ దాటినవారికి మాత్రమే అవకాశమిచ్చింది. ఒక్కొక్క దేశానికి ఏటా ఇంత శాతమేనన్న పరిమితి వల్ల భారతీయులు ఆ కార్డుకోసం ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. చట్టంలో జాతి పేరు లేదు. కాని దాని బరువు ఎక్కువగా పడింది మన ఆడపిల్లలమీద. ఆమీ భట్ 2018లో వెలువరించిన 'హై-టెక్ హౌస్‌వైవ్స్' ఈ స్త్రీల జీవితాలపై వచ్చిన చెప్పుకోదగ్గ గ్రంథం.

మా శాఖలో ఎం.ఎ. చదివి, నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, పెళ్ళయి అమెరికా వెళ్ళిన ఒక విద్యార్థిని కొన్నేళ్ళ తరువాత మమ్మల్ని చూడవచ్చింది. "ఉద్యోగం మానేశావా అమ్మా?" అని యథాలాపంగా అడిగాము. "మానలేదు మేడం. మాన్పించారని ఎవరి పేరు చెప్పను? ఆగిపోయిందంతే" అన్నది. ఇన్నేళ్ళు క్రియాపదాలు బోధించిన మాకు ఆ జవాబు పాఠమైంది. 'ఆగిపోవు' అన్న క్రియకు కర్త ఉద్యోగమే. ఆపినవారు ఆ వాక్యంలో ఎక్కడా లేరు. వాన ఆగిపోయినట్టు, గడియారం ఆగిపోయినట్టు ఆమె ఉద్యోగం ఆగిపోయింది. మనుషులు రాసిన చట్టం ఆమె నోట ప్రకృతి ధర్మంలా పలికింది.

అయితే ఈ అమ్మాయిని నల్లజాతి స్త్రీ పక్కన నిలబెట్టి ఇద్దరిదీ ఒకే కథ అనడం తొందరపాటు. ఆమెను ఇంట ఉంచిన చట్టమే ఆమె భర్తకు మంచి జీతమిచ్చే కొలువుకు దారి తీసింది. ఇంట ఉన్నందుకు ఆమెను ఎవరూ సోమరి అనలేదు, బంధువులు అదృష్టమన్నారు. అదే వారంలో ఇక్కడ ఆమె పుట్టింట పనిమనిషి మానేసింది. "నోటిమాటైనా చెప్పకుండా పోయింది" అని ఆమె తల్లి నొచ్చుకున్నారట. ఆ పనిమనిషి ఎందుకు మానిందో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు, ఆ సంగతి ఈ వ్యాసం రాస్తున్నప్పుడే స్ఫురించింది.

కనుక విద్యార్థులకు మా సూచన ఇది. ఈ విషయంపై ఏ గ్రంథం చదివినా మూడు ప్రశ్నలు అంచున రాసుకోండి. ఇందులోని 'వుయ్' మనమా, మేమా? ఇందులోని స్త్రీ మానిందా, మాన్పించారా, ఊడిందా, ఆగిపోయిందా? మానినప్పుడు ఆమెను మెచ్చుకున్నారా, నిందించారా? తరువాత ఇవే ప్రశ్నలు మీ ఇంట్లో, మీ వీధిలో మాట్లాడే తెలుగుకు వేయండి. షోలాపురంలో బీడీలు చుట్టే తల్లుల ఇళ్ళనుంచి వచ్చినవారికి, మదురైలోనో బళ్ళారిలోనో పెరిగినవారికి దొరికే క్రియలు మేము ఇక్కడ చెప్పినవాటికంటే ఎక్కువే ఉంటాయి. పలికినవారెవరో, ఎవరిని గురించి పలికారో కూడా రాసి పంపితే, వచ్చే సంచికలలో వాటిని ఈ వ్యాసానికి అనుబంధంగా ప్రకటిస్తాము.